నిప్పు జరిగిందా, ఆకు జరిగిందా

మొన్న మధ్యాహ్నం టీవీలో, ఎక్కడో సముద్రం నడుమ ఒక దీవిలో కొండ పగిలి నిప్పు పారుతుంటే చూపించారు. దాని వెనక ఇంకా కొన్ని దీవులున్నాయని, అన్నీ ఒకే వరుసలో ఉన్నాయని పటం కూడా వేశారు. "సూసిండ్రా, మీ పాఠం వచ్చింది" అనబోయి పక్కకు తిరిగాను. మా ఆయన ఎండాకాలంలో పోయారు. నా అలవాటు ఇంకా పోలేదు.

డెబ్బైల మొదట్లో మా పెళ్లయింది. నా పుట్టిల్లు బోధన్ వైపు, నిజాంసాగర్ కాలువ కింద చెరుకు పండే ఊరు. అత్తగారిల్లు నిజామాబాదు టౌన్లో. ఆయన చెరుకు సీజన్లో చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల తూకం రాసేవారు. సీజను అయిపోతే పని ఉండదు. అది వదిలేసి పంతులు ట్రైనింగులో చేరితే చుట్టాలందరూ పాగల్ అయిండన్నారు. ట్రైనింగు చివర బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు ఒక పాఠం చెప్పి మెప్పించాలి. అది పోతే మళ్లీ బండ్ల దగ్గరికే, అదీ వాళ్లు రానిస్తే. నలుగురిలో నోరు విప్పని మనిషి, తేలికైన పాఠం ఏదైనా తీసుకోవచ్చు కదా. అగ్నిపర్వతాలు వరుసగా ఎందుకుంటాయన్నది తీసుకున్నారు. ఉంటాయని మాత్రమే బడి పుస్తకంలో ఉంది. ఎందుకన్నది లేదు. గ్రంథాలయంలో ఒక ఇంగ్లీషు పత్రిక తిరగేసి, నిఘంటువు పక్కన పెట్టుకొని చదివారు.

ఇంట్లో సాధనకు పిల్లలం నేనూ మా అత్తా. అత్త ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ వినేది.

"అగ్నిపర్వతాలు కొన్నిచోట్ల వరుసగా ఉంటాయి" అని ఆయన మొదలుపెట్టారు.

"ఒకదానికొకటి ఏం వరుసైతయి రా?" అంది అత్త.

"గా వరుస కాదవ్వా. లైను."

"గట్ల చెప్పు. అక్కచెల్లెండ్లేమో అనుకున్న."

ఆయన ఆ మాటే పట్టుకున్నారు. "అక్కచెల్లెండ్లే అనుకో. అడుగున పొయ్యి ఒక్కటే, అది కదలదు. మీదున్న నేల మెల్లగ జరుగుతది. పొయ్యి మీదికొచ్చిన జాగల కొండ లేస్తది. నేల జరుగంగ జరుగంగ ఆ కొండ పక్కకు పోయి సల్లారుతది. దాని ఎనక ఇంకోటి పుడతది. అన్నిటికన్న దూరమున్నది పెద్దక్క."

"పెద్దబిడ్డనే అంత దూరం ఇచ్చిండ్రా? ఎట్ల మనసొప్పింది వాళ్లకు?"

ఇక మాటలతో పని కాదని ఆయన అగరుబత్తి ముట్టించి, అత్త చాటలోంచి ఎండిన తునికాకు ఒకటి తీసి దాని మీదుగా జరిపారు. కాసేపు ఆపడం, కొంచెం జరపడం. ఆకు మీద వరుసగా చిల్లులు పడ్డాయి. నాకు అర్థమైంది. అర్థమైందన్న సంబరంలో నేనొక ఆకు పట్టుకున్నాను. ఆయన ఏదో పరధ్యానంలో ఈసారి ఆకు కింద అగరుబత్తిని జరిపారు. మళ్లీ అదే వరుస.

రెండు ఆకులూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశారు. "రెండూ ఒక్కతీరే ఉన్నయి. మరి నేలే జరిగిందని పిల్లలకెట్ల చెప్పాలె?"

"పత్రికల ఏమున్నది?" అన్నాను.

"నేలే జరిగిందని ఉన్నది."

"గదే చెప్పుండ్రి."

"చెప్తె అయిపోతదా?"

అన్నం సరిగా తినలేదు. మా బాపు చెరుకు చేను కూడా జరుగుతున్నట్టేనా అని అడిగితే, దేశమంతా జరుగుతున్నదన్నారు. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా బస్సు అదే రోడ్డున అదే ఊరికి పోయేది. నాకు ఉన్న తెలివి కూడా పోయింది. అత్త బాధ వేరు. "మంచి ఆకులు కరాబు చేసిండు. గివి చుడితే పొగంత చిల్లులకెళ్లే పోతది."

పాఠం రోజు ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా గడపలో కూర్చొని జరిగింది చెప్పారు. ఆకు నిప్పు మీద పెట్టగానే తరగతిలో ఒక పిల్ల లేచి "సార్, మంచి ఆకు సార్, కాల్చకుండ్రి!" అని మొత్తుకుందట. సగం మంది బీడీలు చుట్టే ఇళ్ల పిల్లలే. అందరూ నవ్వారు. పరీక్షాధికారీ నవ్వాడు. ఆ నవ్వులో ఈయన అనుకున్న క్రమం మరిచిపోయారు. రెండో ఆకు కింద అగరుబత్తినే జరిపి, రెండూ వీపు వెనక కలిపేసి ఎత్తి చూపి, దేని కింద నిప్పు జరిగిందో, ఏ ఆకు తానే జరిగిందో చెప్పమని పిల్లల్నే అడిగారు. తరగతి రెండు పక్షాలై కేకలు. వెనక బెంచీ నుంచి పరీక్షాధికారి, "అసలు కొండల సంగతిలో ఏది జరిగిందో మీరు చెప్పండి" అన్నాడు.

"నేలే జరిగిందంటున్నరు సార్. కని ఈ ఆకుల్ని చూసి నేను చెప్పలేను" అన్నారట ఈయన. పరీక్షాధికారి ఏదో రాసుకొని లేచి పోయాడట.

"నేల జరిగిందంటె నీ సొమ్మేం పోతుండె రా?" అంది అత్త.

"తప్పయితె చెప్పలేదవ్వా."

"ఒప్పు గూడ చెప్పలేదు గద!"

ఫలితాలు వచ్చేసరికి వానాకాలం దాటింది. చెరుకు సీజను దగ్గరపడింది. తూకం దగ్గర పనిచేసే మనిషి ఒకడు వచ్చి, వస్తవా రావా అని అడిగాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఈయన ఇంకొన్ని రోజులు ఆగమన్నారు. ఆ రోజులు గడవకముందే పాసయినట్టు తెలిసింది. అత్త కొడుకు నోట్లో చక్కెర పోసింది. ఆయన చక్కెర చప్పరిస్తూ, "ఎందుకు పాస్ చేసిండ్రో సమజైతలేదు" అన్నారు. పిల్లలు కొట్లాడుకున్నందుకా, తెలియదన్నందుకా, జాలిపడా? ఆ మాట ఎవరూ చెప్పలేదు.

తర్వాత మోస్రా ఊరి బడిలో పంతులయ్యారు. ఏటా ఆ పాఠానికి రెండు ఆకులూ కాల్చేవారు. దూరపు దీవుల రాళ్లే పాతవని తేలిందని చాలా ఏళ్లకు ఎక్కడో చదివి చెప్పారు. "అయితె ఇగ నేలే జరిగినట్టు గదా" అన్నాను. "నిప్పు జరిగినా దూరమున్నదే పాతదైతది గద" అని నవ్వారు. శాస్త్రం చదివిన పెద్దలు ఇంకేవో రుజువులు చూపించి నేలే అని తేల్చారట. అవి నాకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. చెప్పే మనిషి ఉన్నారు కదా, తొందరేముందనుకున్నాను.

పలకరించడానికి వచ్చినవాళ్లు రోజులు గడిస్తే తగ్గుతుందంటారు. గడుస్తున్నది రోజులో, అవి అక్కడే ఉండగా వాటిని దాటి పోతున్నది నేనో, ఇక్కడ కూర్చొని చూస్తే తెలియడం లేదు.