అరచేతికి పూసుకున్న బామ్

ఈ ఉదయం మాదాపూర్‌లో మా ఆఫీసు లిఫ్ట్ ఎక్కగానే, వెనక నిలబడ్డవాళ్లెవరి దగ్గరో నొప్పుల బామ్ వాసన వేసింది. ఖాజాగూడ మైదానంలో మా చిన్నప్పటి పరుగుల క్లబ్బు కళ్లముందు కదిలింది.

రిలేలో మూడో పరుగు క్లబ్బులో పెద్దమ్మాయి సునీతక్కది, చివరిది నాది. అక్క రోజూ పిక్కలకు బామ్ రాసుకునేది. ఆ వేగమంతా బామ్‌దేననుకున్నాను. పోటీ రోజు దొంగచాటుగా కాళ్లతోపాటు అరచేతులకూ పూసుకున్నాను. అక్క అందించిన బ్యాటన్ జిడ్డుకి జారి కిందపడింది.

"ఏడ్వకే. మల్లొచ్చే పోటీల ఎన్కకు సూడకుండ చెయ్యి సాపు, బ్యాటన్ నేనే నీ చేతుల వెడ్త" అంది అక్క.

మళ్లీ పోటీ రాలేదు. మైదానంలో అపార్ట్‌మెంట్లు లేచాయి, అక్కవాళ్లు ఎటో వెళ్లిపోయారు.

మా అంతస్తు వచ్చేదాకా నేను వెనక్కి తిరిగి చూడలేదు. చెయ్యి మాత్రం కొంచెం వెనక్కి చాపే ఉంచాను.