తాకిన రాయి

ధాత్రి పుట్టింది స్కాట్లాండులో, పెర్త్ అనే ఊళ్లో. తండ్రి ఆంజనేయప్రసాద్ అక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ధాత్రికి ఎనిమిదేళ్లప్పుడు బడివాళ్లు పిల్లలందరినీ ఐస్ రింకుకి తీసుకెళ్లి కర్లింగ్ ఆడించారు. మిగతా పిల్లలు జారిపడి, నవ్వుకుని ఇళ్లకెళ్లిపోయారు. ఈ పిల్ల మాత్రం మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తారని వారం రోజులు ఇంట్లోవాళ్ల ప్రాణం తోడేసింది.

ఇరవై కిలోల గ్రానైటు రాయిని మంచు మీద జారవిడవాలి. అది వెళ్తుంటే, ఇంకాస్త దూరం జారేలా ఇద్దరు దాని ముందు బ్రష్షులతో మంచు రుద్దుతూ పరిగెత్తాలి. అవతలి చివర గీసిన వలయాల నడిమికి ఎవరి రాయి దగ్గరగా ఆగితే పాయింటు వాళ్లది. చూసేవాళ్లకి ఇల్లు తుడుస్తున్నట్టుంటుంది కానీ, ఆడేవాళ్లకి భుజాలు పడిపోతాయి.

నేర్పినావిడ పేరు ఎల్స్‌పెత్. డెబ్బై దాటిన మనిషి, ముక్కుసూటి. రాయి విసరడం కంటే ముందు ఆవిడ నేర్పింది ఒకటే. కదులుతున్న రాయికి నీ బ్రష్షు తగిలితే నువ్వే చెయ్యెత్తి చెప్పాలి, ఆ రాయిని తీసేస్తారు. అంపైరు చూశాడా లేదా అన్నది ప్రశ్నే కాదు. పద్నాలుగేళ్లప్పుడు ఒక సెమీఫైనల్లో ధాత్రి అలాగే చెయ్యెత్తింది. జట్టు ఓడిపోయింది. ఎల్స్‌పెత్ మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. కారులో ఇంటికి తీసుకెళ్లి వేడివేడి సూప్ పోసింది. పదహారేళ్లకి ధాత్రి స్కాట్లాండ్ జూనియర్ జట్టులో ఆడింది. మరుసటేడు తండ్రికి హాలిఫాక్స్‌లో ఉద్యోగం రావడంతో అందరూ కెనడా వచ్చేశారు.

హాలిఫాక్స్‌లో ఒక క్లబ్బువాళ్లు ఆమెను తమ జట్టులోకి ఎగరేసుకుపోయారు. కెప్టెన్ మెరీడ్, కోచ్ గోర్డన్. ఆమెతో కలిసి మంచు రుద్దే పిల్ల టెస్. మూడేళ్లు ఈ ఇద్దరి బ్రష్షులూ ఒకే రాయి ముందు పక్కపక్కనే నడిచాయి. యూనివర్సిటీ క్లాసులు, రెస్టారెంటులో పార్ట్‌టైమ్, వారానికి ఐదు రోజులు ప్రాక్టీసు. ఇరవై ఒకటో ఏట ప్రావిన్స్ ఫైనల్‌కి వచ్చారు. గెలిస్తే నేషనల్స్.

ఎదుటి జట్టు ట్రూరో ఊరిది. స్కోరు సమానంగా ఉంది. ఆఖరి రాయి మెరీడ్ విసరాలి. విసిరింది. రాయి కొంచెం మెల్లగా వస్తోంది. ధాత్రి, టెస్ ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి రుద్దుతున్నారు. సగం దూరం దాటాక టెస్ కాలు జారింది. ఆమె బ్రష్షు రాయి అంచుకి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు, 'టక్' మని గోరుతో గిన్నె మీద కొట్టినంత. ధాత్రి తల తిప్పి చూసింది. టెస్ ఆమె వైపు చూడలేదు. నిలదొక్కుకుని మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది.

ఇప్పుడు చెప్తుంది, రాయి ఆగాక చెప్తుంది అనుకుంది ధాత్రి. రాయి ఆగింది. నడిమికి జానెడు దూరంలో, గెలిచే చోట. మెరీడ్ కేకలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది. టెస్ రెండు చేతులూ పైకెత్తింది, సంతోషంతో. ధాత్రి నోరు పెగల్లేదు. ఆ నాలుగు క్షణాలు ఎందుకు ఊరుకుందో ఆమె ఇప్పటికీ చెప్పలేకపోతోంది. ట్రూరో అమ్మాయిలు వరసగా వచ్చి చెయ్యి కలిపి 'గుడ్ గేమ్' అంటుంటే, ఆమె అరచేయి తనకే జిడ్డుగా తోచింది.

డ్రెస్సింగ్ రూములో టెస్‌ని పక్కకి పిలిచి అడిగింది. టెస్ షూ లేసు విప్పుకుంటూ, ఏం తగిలిందో తనకి తెలియదంది. తర్వాత, తగిలినా దాని వేగమేం మారలేదు కదా అంది. గోర్డన్ విన్నాడు. బీరు డబ్బా కింద పెట్టి, స్కోరు కార్డు మీద సంతకాలైపోయాయి, ఇంక దాని గురించి మాట్లాడొద్దు అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మరుసటి రోజు రేడియోవాళ్లకి అదే గోర్డన్ చెప్పిన మాటలు ధాత్రి బస్సులో విన్నది. ఈ ఆటకి నిజాయితీయే ప్రాణమట, తన పిల్లలకి అదే నేర్పాడట.  రెండు స్టాపుల ముందే దిగి, ఆ చలిలో ఇంటిదాకా నడిచింది.

ఇంట్లో సంగతి ఇంకో రకం. ఆంజనేయప్రసాద్ కూతురి ఫోటోలు తానున్న వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ పెట్టాడు. శనివారం తెలుగువాళ్లు కమ్యూనిటీ హాల్లో తలో వంట తెచ్చుకుని పాట్‌లక్ పెట్టి ఆమెకు శాలువా కప్పారు. మన జాతి పేరు నిలబెట్టావని ఒక అంకుల్ పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన కర్లింగ్ ఒక్కసారి కూడా చూడలేదు. మెడ చుట్టూ శాలువా పాములా బరువుగా ఉంది. పులిహోర ప్లేటు అలాగే వదిలేసి బయటికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక తండ్రికి జరిగిందంతా చెప్పింది. ఆమె చెప్పింది ఇంగ్లీషులో, ఆయన జవాబు తెలుగులో.

"తాకింది నువ్వు కాదు కదమ్మా," అన్నాడు ఆంజనేయప్రసాద్. "ఇప్పుడు ఎందుకు రచ్చ చేసుకోవడం? నేషనల్స్ ఆడిరా. తర్వాత చూద్దాం."

 చిన్నప్పుడు ధాత్రి పక్కవాడి పెన్సిలు తెచ్చుకుందని వానలో బడిదాకా నడిపించి తిరిగి ఇప్పించిన నాన్న ఈయనే. తల్లి పద్మిని మాత్రం గిన్నెలు సర్దడం ఆపి, వారమైంది ఈ పిల్ల సరిగ్గా అన్నం తిని, అంది. అంతకుమించి ఎవరి పక్షమూ మాట్లాడలేదు.

ఆదివారం ధాత్రి తల్లి కారు తీసుకుని గంట దూరం డ్రైవ్ చేసి ట్రూరో వెళ్లింది. అక్కడి జట్టు కెప్టెన్ హానా ఒక ఫార్మసీలో పనిచేస్తుంది. బ్రేక్ టైములో ఇద్దరూ వెనక పార్కింగులో నిలబడ్డారు. ధాత్రి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆశ్చర్యపోతుందనుకుంది. హానా ఆశ్చర్యపోలేదు.

"మాకు తెలుసు," అంది. "మా జట్టులో ఒకమ్మాయి పక్కనే నిలబడి ఉంది, చూసింది. చెప్పాల్సింది మీరు కాబట్టి మేం ఆగాం. టెస్ సంగతి నాకు ముందే తెలుసు. నేను చూసింది నీ వైపు."

 హానా తిట్టలేదు, కోప్పడలేదు. బ్రేక్ అయిపోయిందని లోపలికి వెళ్లింది. అన్నాళ్లూ టెస్ మీద, గోర్డన్ మీద, శాలువా మీద పొర్లుకొచ్చిన రోత అంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. కారులో కూర్చుని, అద్దంలో తన ముఖం చూసుకోలేక దాన్ని పైకి తిప్పేసింది.

ఆ సాయంత్రమే పోటీలు నడిపేవాళ్లకి ఈమెయిల్ రాసింది. టెస్ పేరు రాసింది, తాను చూసి ఊరుకున్నానని కూడా రాసింది. నాలుగు రోజులకి రెండు లైన్ల జవాబొచ్చింది. సంతకాలైన ఫలితం మార్చడం కుదరదు, మీ నిజాయితీకి ధన్యవాదాలు. మరునాడు మెరీడ్ ఫోన్ చేసింది. జట్టులో నమ్మకం చెడిందని, ఆమె బదులు ఇంకో అమ్మాయిని తీసుకున్నామని చెప్పింది. నమ్మకం అన్న మాట మెరీడ్ మూడుసార్లు వాడింది. ధాత్రి ఫోన్ పెట్టేసింది. జట్టు జాకెట్టు మడతపెట్టి, క్లబ్బు ఆఫీసు కౌంటరు మీద వదిలేసి వచ్చింది.

నేషనల్స్‌లో వాళ్లు ఐదో స్థానంలో వచ్చారు. చూడకూడదనుకుంటూనే ధాత్రి లాప్‌టాప్‌లో చూసింది. ముగింపు రోజున ఆటగాళ్లంతా ఓటేసి ఒకరికి మంచి నడవడి బహుమతి ఇస్తారు. అది టెస్‌కి వచ్చింది. టెస్ కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు నిజమైనవే, అదే భరించలేకపోయింది ధాత్రి. లాప్‌టాప్ మూసి బాత్రూములోకి వెళ్లి చల్లటి నీళ్లతో ముఖం కడుక్కుంటూనే ఉంది. తలుపు బయట ఆంజనేయప్రసాద్ కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత గ్రూపులన్నిటిలోంచి ఫోటోలు తీసేశాడు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. పద్మిని చెప్పింది.

ఆ సీజన్ మిగిలిన నెలలూ, మరుసటి సీజనంతా, హాలిఫాక్స్‌లో ఆమెను ఎవరూ జట్టులోకి పిలవలేదు. తోటివాళ్ల మీద ఫిర్యాదు చేసే పిల్లని పక్కన పెట్టుకోవడం ఎవరికిష్టం? ఎదురుపడితే నవ్వేవాళ్లు, నవ్వి దాటిపోయేవాళ్లు. ఆ నవ్వులు చూస్తే ఆమెకి తిట్లే నయమనిపించేది. ఒంటరిగా వెళ్లి రాళ్లు విసిరేది. ఒకరోజు అదీ మానేసింది. బ్రష్షు బేస్‌మెంట్‌లో ఏడు నెలలు పడి ఉంది.

మాస్టర్స్ చేయడానికి వేరే ప్రావిన్స్‌లోని వాటర్లూ వెళ్లాక, అక్కడి క్లబ్బులో మంగళవారాలు సరదాగా ఆడే ఆడవాళ్లు ఒక మనిషి తక్కువై ఆమెను పిలిచారు. ఒకావిడ నర్సు, ఇద్దరు టీచర్లు. వాళ్లకి ఆమె కథ తెలియదు. వెళ్లిన రెండో వారమే తనే చెప్పేసింది, ఊరుకున్న ఆ నాలుగు క్షణాలతో సహా. నర్సు విని, మరి వచ్చే మంగళవారం వస్తున్నావా లేదా అని అడిగింది. వచ్చింది. నిరుడు ఆ నలుగురూ కలిసి ప్రావిన్స్ క్వాలిఫయర్స్‌కి అప్లై చేశారు. పద్నాలుగు మ్యాచుల్లో తొమ్మిది గెలిచి, అక్కడితో ఆగిపోయారు.

టెస్ ఇప్పుడు టీవీలో కనిపిస్తుంటుంది, పేరున్న జట్టులో. క్లబ్బు లాంజ్‌లో ఆ మ్యాచ్ పెడుతుంటారు. ధాత్రి కాఫీ కప్పు పట్టుకుని లేచి మంచు దగ్గరికి వెళ్లిపోతుంది.