అయిదుగురు పిల్లలకు ఒకటే మస్కారా

మా చిన్నతనంలో కాటుక కొట్లో కొనేది కాదు… ఇంట్లో పట్టేది. ప్రమిదలో ఆముదం, గుంటగలగర ఆకు రసంలో తడిపి ఎండబెట్టిన గుడ్డవత్తి, పైన బోర్లించిన ఇత్తడి పళ్ళెం. పళ్ళెం అడుగున పేరుకున్న మసిని అమ్మ గీకి, ఒక్క చుక్క ఆముదంతో నూరి, భరిణెలో పెట్టేది.

ముగ్గురు పిల్లలం వరుసగా కూర్చునేవాళ్ళం. ఒకరికి పెట్టాక అమ్మ వేలు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు రెండోవారికి పెట్టేది. ఒకసారి చెల్లికి కళ్ళకలక వచ్చింది. అమ్మ భరిణెలో ఉన్న కాటుకంతా పారేసి, భరిణెను బూడిద పెట్టి తోమింది.

"అది ఇగ పనికిరాదు బిడ్డా… కొత్తది పడత" అంది. అక్షరం ముక్క రాని మనిషి.

తీపి జ్ఞాపకం అనుకునేరు… కాదు. కోపంగా రాస్తున్నాను. ఈమధ్య ఫోనులో ఒకటే రాతలు… మస్కారా విషమట, మన కాటుక అమృతమట. రెండూ అబద్ధమే. నాకెలా తెలుసో చెబుతాను.

తొంభైల చివర సంగతి. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. చుట్టూ బండలు, దుమ్ము, లారీలు. అలాంటి ఒక ఆఫీసులో నేను తోటపని చేసేవాణ్ణి. మా అమ్మాయి సలోమి ఇంటర్ అయ్యాక అదే ఆఫీసులో, వచ్చేవాళ్ళను పలకరించే బల్ల దగ్గర చేరింది. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం అదే మొదటిది… మొక్కల మధ్య నుంచి అద్దాల్లోంచి దాన్ని చూసుకునేవాణ్ణి.

మొదటిరోజే సూపర్‌వైజర్ మేడమ్ దాని కాటుక తుడిపించింది.

"ఇదేంటమ్మా, జాతరకొచ్చినట్టు? ఇక్కడ అందరూ మస్కారానే వేసుకోవాలి."

మళ్ళీ అది కాటుక ముట్టలేదు.

ఆ మస్కారా బల్ల సొరుగులో ఉండేది. ఒకటే గొట్టం, ఒకటే బ్రష్షు. అయిదుగురు అమ్మాయిలూ పొద్దున్నే దానితోనే రెప్పలు దిద్దుకోవాలి. పైన అంటించిన కాగితం ఎప్పుడో చిరిగిపోయింది… అందులో ఏం కలిపారో, ఎప్పుడు తెరిచారో ఎవరికీ తెలియదు.

వేసవిలో అది గట్టిపడింది. పిల్లలు కొత్తది అడిగితే మేడమ్ దాన్ని బాత్రూం పంపు కింద పట్టి, నాలుగు చుక్కలు పోసి, మూత బిగించి ఊపిందట.

"మా మేడమ్ చారుల నీళ్ళు కలిపినట్టు కలిపింది నాయినా… ఇంకో నెల నడుస్తదంట!" అని సలోమి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.

వారం తిరగలేదు. సలోమి ఎడమ కన్ను ఎర్రబడింది. మర్నాటికి రెప్ప తెరవలేకపోయింది.

"కంట్ల ఇసుక పోసినట్టున్నది నాయినా… వెలుతురు చూడలేకపోతున్న."

కళ్ళ దవాఖానకు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ లైటు వేసి చూసింది. నల్లగుడ్డు మీద పుండు పడిందని చెప్పి, ఏం పెట్టుకున్నావని అడిగింది. సలోమి జరిగిందంతా చెప్పింది. నేను ఎవరినీ ఏదీ అడిగే మనిషిని కాను. ఆ రోజు అడిగాను.

"అందుల విషం గిట్ల ఉంటదా అమ్మా?"

"మైనం, నూనె, నల్లరంగు ఉంటయి పెద్దయ్యా. పురుగు పట్టకుండ ఒక మందు కలుపుతరు. అందరు తిట్టేది ఆ మందునే. కొందరికి పడది, దురద పెడతది, నిజమే. కానీ అది లేకుంటే మిగతాదంత పాడైతది. నీళ్ళు పోసి ఆ మందును పల్చగ చేసిన్రు. పంపు నీళ్ళల్ల క్రిములు, మీదికెల్లి అయిదుగురి కండ్లు ముట్టిన బ్రష్షు… ఇగ పుండు పడదా?"

"మా అమ్మ పట్టిన కాటుకైతే మంచిదేనా?"

"అది మసి పెద్దయ్యా. అదీ కంట్లె పెట్టేది కాదు. కొన్ని సుర్మాలల్ల సీసం కూడ ఉంటది, చిన్నపిల్లలకు ఇంకా డేంజర్."

ఆఫీసుకు వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను… నేను నోరు తెరవకముందే మేడమ్ అందుకుంది.

"మీ ఇంటి ఆముదం కాటుక వల్లేనండీ, ఇంకేంటి! మిగతా నలుగురూ బాగానే ఉన్నారు కదా?"

ఇంగ్లీషు కాగితం ఒకటి ముందు పెట్టింది. "అమ్మాయి సెలవు కోసం లెండి. సంతకం చేయండి."

నాకు వచ్చింది ఊరి బడిలో నేర్చిన తెలుగు. అర్థం ఏమిటని అడగడానికి సిగ్గేసింది… చేసేశాను.

నకలు ఇంటికి తెచ్చాను. సలోమి ఒక కంటికి కట్టుతో, రెండో కంటితో చదివింది. ఇంట్లో చేసిన కాటుక వల్లే కన్ను చెడిందనీ, ఆఫీసుకు సంబంధం లేదనీ, తండ్రినైన నేనే ఒప్పుకుంటున్నట్టు రాసుంది.

"ఏందో అడగకుండనే పెట్టినవా నాయినా?" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

పుండు మానింది… పువ్వు మిగిలింది. నల్లగుడ్డు మధ్యలో తెల్లగా. ఇప్పటికీ ఆ కంటికి మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. తిరిగి పనికి వెళితే, "వచ్చినవాళ్ళు చూస్తే బాగోదు కదండీ" అని పంపేశారు. ఆ బల్ల దగ్గర ఇంకో పిల్ల కూర్చుంది. సొరుగులో గొట్టం మార్చారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు ఆ దారిన మెట్రోలో వెళుతుంటే ఆడపిల్లలు ఫోనులో చూసుకుంటూ రెప్పలు దిద్దుకుంటారు. ఎవరి మస్కారా వారిది. ఏం కలిపారో దాని మీద చిన్న అక్షరాలతో ఉంటుంది. తెరిచి ఎన్ని నెలలైందో లెక్క చూసుకుని, ఎండితే పారేసే పిల్లలూ ఉన్నారు. వాళ్ళను చూస్తే సంతోషమే… మా పిల్లకు ఆ మాత్రం దక్కలేదని కడుపు మండుతుంది.

మీ పనిచోట ఇలాంటిదేమైనా నవ్వుకుని వదిలేశారా? నోరు మూసుకుని సంతకం పెట్టారా? కింద రాయండి… పేరు రాయకపోయినా సరే.

నా మట్టుకు నేను ఆ రోజు అనవలసిన మాట ఒకటి మిగిలిపోయింది. ఆవిడ ఎక్కడుందో తెలియదు, అయినా అంటున్నాను.

మేడమ్… మా బిడ్డ కాటుక పెట్టుకోలేదు. నీళ్ళు పోసింది మీరు.