మేకపోతు మెడలో ఫోను

నేను పనిచేసే కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడిచే ఆడవాళ్ళలో నేనూ ఒకదాన్ని. షుగర్ వచ్చాక డాక్టరు నడవమన్నాడు కాబట్టి నడుస్తున్నాను తప్ప నాకు నడకంటే పెద్ద ప్రేమేమీ లేదు. అనంతపురంలో ఎండ ఎక్కకముందే ఆ పని ముగించుకోవాలి, లేకపోతే ఆ పూటకి ఇంకేమీ చేయలేం. నాతోపాటు నడిచే లైబ్రరీ ఆమె ఒకరోజు నా ఫోనులో ఒక యాప్ పెట్టింది. మనం ఎంత దూరం నడిస్తే అంతకు తగ్గట్టు ఏదో కంపెనీ డబ్బులిస్తుందట, ఆ డబ్బులు కష్టంలో ఉన్నవాళ్ళకు పోతాయట. ఎవరి కోసం నడవాలో మనమే అందులో పెట్టవచ్చని చెప్పింది. నేను మా తమ్ముడి కూతురికి కొత్త కాలు కోసమని పెట్టాను. ఎందుకు పెట్టానా అని ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా తమ్ముడు శింగనమల దగ్గర మా ఊళ్ళోనే ఉంటాడు, గొర్రెలు కాస్తాడు. వాడి కూతురికి చిన్నప్పుడు వేరుశనగ కాయలు రాల్చే మిషన్లో కాలు పడి మోకాలి కింద నుంచి పోయింది. పెట్టుడు కాలు వేయించాం. పిల్ల ఎదుగుతుంది, పెట్టుడు కాలు ఎదగదు. పదో తరగతి అయ్యేసరికి ఆ కాలు పొట్టిదైపోయింది, బిగుసుకుపోయి తెగిన చోట పుండ్లు పడేవి. ఇంటర్‌కి అనంతపురంలో సీటొచ్చింది. బస్సు దిగి కాలేజీ దాకా నడవాలి, మెట్లెక్కాలి. కాలేజీ తెరిచేలోపు కొత్త కాలు రాకపోతే చదువు అక్కడితో ఆగిపోయినట్టే.

కాలేజీలో చాలామంది పిల్ల కోసం నడవడం మొదలుపెట్టారు. ఈ సంగతి తెలిసి తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏమక్కా, నడిస్తే దుడ్లిస్తారంట కదా. మరి నేను పొద్దస్తమానం నడస్తానే ఉండాను, నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

నిజమే కదా అనిపించింది. వాడు ఊహ తెలిసినప్పటి నుంచి గొర్రెల వెనక నడుస్తూనే ఉన్నాడు. ఆ నడకకు ఎవరూ పైసా ఇవ్వలేదు. నా పాత ఫోనులో యాప్ వేసి బస్సులో ఊరికి పోయి ఇచ్చొచ్చాను. జేబులో పెట్టుకుని నడువు, అంతే, ఇంకేం చేయొద్దు అన్నాను.

వాడు జేబులో పెట్టుకోలేదు. గొర్రెలకు మేత లేనప్పుడు కాపరులు చెట్టెక్కి కొమ్మలు నరికి వేస్తారు. మా వైపు మేత ఉండే రోజులే తక్కువ, అందుకని వాడు రోజులో సగం చెట్ల మీదే ఉంటాడు. రెండుసార్లు ఫోను జేబులోంచి జారి కింద పడిందట. దాంతో గుడ్డసంచిలో పెట్టి, మందకు ముందు నడిచే మేకపోతు మెడకు కట్టాడు. అది చేల గట్లు దూకింది, కంపల్లో దూరింది, పక్క మంద పోతు కనబడితే పరుగెత్తుకెళ్ళి కుమ్ములాడింది. యాప్ ఇదంతా చూసి, ఇది మనిషి నడక కాదని తేల్చింది.

తప్పేం లేదు, ఆ మాట నిజమే. కానీ వాళ్ళు తీసేసింది తమ్ముడి నడకను మాత్రమే కాదు. పిల్ల కాలు కోసం నడిచిన అందరి నడకనూ తీసేసి, అనుమానాస్పదం అని మెసేజ్ పెట్టారు. మోకాళ్ళ నొప్పులతో గ్రౌండు చుట్టూ తిరిగిన మా ఆడవాళ్ళందరూ ఒక్క దెబ్బతో దొంగలయిపోయారు.

తమ్ముణ్ణి అడిగితే వాడు దాచలేదు. "దాని మెడకు కట్టినానక్కా. అది ముందర పోతాది, నేను దాని యెనకాల్నే కదా పోతాండేది. అది నడిస్తే నేను నడిచినట్టు కాదా?" అన్నాడు. వాడికి అందులో మోసం కనబడలేదు, నాకూ కనబడలేదు.

మా జిల్లాలో ఆ యాప్ పనులు చూసే ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు బాగా నవ్వాడు. తర్వాత రూల్స్ మేడమ్ అన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మీ వ్యవహారం అన్నాను. కోపం తెచ్చుకోలేదు, చాలా మర్యాద గల మనిషి. ఒక దారి ఉందన్నాడు. ఆదివారం మా గ్రౌండులోనే ముగింపు నడక ఉంది, కంపెనీ పెద్దలు వస్తున్నారు. పిల్ల అందరికంటే ముందు ఒక్క రౌండు నడవాలి, తండ్రి మైకులో క్షమాపణ చెప్పాలి. అప్పుడు పైవాళ్ళకు చెప్పి తీసేసిన నడకలన్నీ తిరిగి లెక్కలోకి తెప్పిస్తానన్నాడు.

నేను వద్దన్నాను. తమ్ముడు ఒప్పుకున్నాడు. "సారీ అంటే నా నోరేమన్నా పడిపోతాదా" అన్నాడు.

ఆదివారం అందరికీ ఒకే రంగు టీషర్టులు ఇచ్చారు. అరటిపళ్ళు, మజ్జిగ పొట్లాలు, డప్పులు, గ్రౌండు దాకా కార్లలో వచ్చినవాళ్ళు. తమ్ముడు పంచె మీద ఆ టీషర్టు వేసుకుని మైకు పట్టుకున్నాడు. "తెలీక చేసినాను, తప్పయింది, నా బిడ్డను శిక్షించాకండి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. క్షమాపణకు చప్పట్లు కొట్టడం నేను అక్కడే చూశాను.

పిల్ల ముందు నడిచింది. పాత కాలు, బిగుతు కాలు. రౌండు సగమయ్యేసరికి పళ్ళు బిగపట్టింది, అయినా ఆగలేదు, మొత్తం నడిచింది. నీడలో కూర్చోబెట్టి పట్టీ విప్పితే లోపలి గుడ్డ రక్తంతో తడిసి ఉంది. అప్పుడు ఆ మర్యాదస్తుడు వచ్చి, వీడియో సరిగా రాలేదు, ఎండ కెమెరాకు ఎదురుగా ఉంది, ఇంకొక్క రౌండు ఇటువైపు నుంచి నడిస్తే చాలు అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. రక్తం గుడ్డ ఆయన చేతిలో పెట్టాను. "ఇది తియ్యండి వీడియో, బాగా వస్తుంది" అన్నాను. ఇంకా చాలా తిట్టాను, అవన్నీ ఇక్కడ రాయలేను. కంపెనీ పెద్దలు నీళ్ళ సీసాల వైపు చూస్తూ నిలబడ్డారు. వద్దక్కా, వద్దక్కా అని తమ్ముడు నా చేయి లాగుతూనే ఉన్నాడు. పిల్ల కాలు పక్కన పెట్టుకుని కూర్చుంది. చివరికి తమ్ముడే పిల్లను ఎత్తుకుని ఆటో దాకా మోశాడు.

తర్వాతేముంది, ఆ నడకలు తిరిగి లెక్కలోకి రాలేదు. నా నోటి వల్లే రాలేదని లైబ్రరీ ఆమె అంది. అననీ. మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ తిడతాను.

కొత్త కాలు కోసం తమ్ముడు సంతలో చూడి గొర్రెలను అమ్మేశాడు. ఈనబోయే గొర్రెను గొర్రెలవాడు అమ్మడు, అమ్మాడంటే ఇక ఆ ఇంట్లో వేరే దారి లేదని అర్థం. కొన్నవాడికీ ఆ సంగతి తెలుసు, తెలిసే ధర తగ్గించాడు.

కాలు తయారైందని చెప్పిన రోజు ముగ్గురం వెళ్ళాం. పెట్టుడు కాళ్ళు చేసేచోట రెండు కడ్డీల మధ్య దారి ఉంటుంది, కొత్త కాలు తొడిగి అక్కడ నడిపించి చూస్తారు. అక్కడి ఆయన కాలు బిగించి, ఇక నడమ్మా అన్నాడు. తమ్ముడు దారి కొసన నిలబడ్డాడు. వీడియో తీద్దామని నేను అప్పటికే ఫోను పైకెత్తాను.

పిల్ల కడ్డీలు పట్టుకుని లేచింది కానీ అడుగు వేయలేదు.

"అత్తా, నాయనా, మీరు బయటికి పోండి."

"ఎందుకు తల్లీ?" అన్నాడు తమ్ముడు.

"నేను నడిచేది ఎవురూ చూడద్దండి. చూపించింది చాలు."

ఇద్దరం బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశాం. తమ్ముడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. లోపల ఎంత నడిచిందో మేం అడగలేదు, అది చెప్పలేదు.