పొగ మీద పగబట్టిన ఎనిఫా

కలంబా ఊళ్ళో ఏ చావింటికైనా ఎనిఫా వస్తోందంటే, కంచె పక్కన కూర్చున్న మగవాళ్ళు చేతిలో సిగరెట్లు గబగబా ఇసుకలో గుచ్చేసేవారు. గౌరవంతో కాదు, ఆమె నోటికి జడిసి. "ఒక గొయ్యి చాల్లేదా, పక్కనే మీది కూడా తవ్వించమంటారా?" అని నలుగురిలో నిలబెట్టి అడిగేసేది. వెనక పిచ్చిదనేవారు. ఎదురుగా మాత్రం ఎవరూ ఏమీ అనలేకపోయేవారు. ఆమె మొగుడు లేవిసన్ ఎలా పోయాడో ఆ ఊరంతా చూసింది మరి.

ఎనిఫా పుట్టింది కసుంగు దగ్గర ఒక ఆసామి పొగాకు తోటలో. అమ్మానాన్నలు అక్కడ పాలికాపులు. బొమ్మలతో ఆడుకునే వయసులోనే ఆకు కోతకు వెళ్ళేది. తెల్లారగట్ల మంచుతో తడిసిన ఆకుల్ని చంకలో పెట్టుకుని మోస్తుంటే, ఆ పసరు చేతుల నిండా నల్లటి జిగురులా పట్టేసేది. సబ్బుకు పోదు, ఇసుకకు పోదు. ఒకరోజు మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి, కడుపులో తిప్పి, పచ్చటి నీళ్ళు కక్కుకుంటూ మళ్ళలోనే పడిపోయింది.

"ఆకు కాటేసిందే పిల్లని," అంది వాళ్ళమ్మ. చెట్టు నీడన పడుకోబెట్టి, పలచటి జావ తాగించి, మర్నాడు మళ్ళీ కోతకే పంపింది. పంపక ఏం చేస్తుంది?

అన్న జైలోసీ కూడా అదే తోటలో, అవే మళ్ళలో పెరిగాడు. అయితే అన్నకు అక్కడ ఆసామి కారు కనిపించింది. చెల్లెలికి ఆ వాంతి గుర్తుండిపోయింది. ఇద్దరి బతుకులూ అక్కడే రెండు దారులు పట్టాయి.

అమ్మమ్మ చనిపోయాక, ఆమె పొలం అమ్మకు వచ్చింది. అందరూ కలంబాకు తిరిగొచ్చారు. ఆ వైపు ఊళ్ళలో నేల ఆడవాళ్ళది. తల్లి నుంచి కూతురికి వస్తుంది. పెత్తనం మాత్రం మేనమామది. అల్లుళ్ళందరూ ఇల్లరికమే. తర్వాత తర్వాత అమ్మ పోయి, పొలం ఎనిఫాకు వచ్చింది. జైలోసీ ఊరి పెద్ద అయ్యాడు, పొగాకు కంపెనీకి ఊళ్ళో కుడిభుజం అయ్యాడు. చుట్టూ ఎవరి పొలం చూసినా పొగాకే. ఎనిఫా పొలంలో మాత్రం మొక్కజొన్న, గట్ల వెంట గుమ్మడి, మిగిలిందంతా వేరుశనగ.

అమ్మ ఇంకా బతికుండగా లేవిసన్ ఆ ఇంటికి అల్లుడుగా వచ్చాడు. ఆ నాటికి అతనికి పొగ అలవాటు లేదు. సైకిల్ వెనక సీటు మీద మనుషుల్ని ఎక్కించుకుని సంతకు చేర్చడం అతని పని. బలమైన మనిషి. పిండి మూటతో సహా ఒక లావుపాటి ఆడమనిషిని ఎక్కించుకుని, మిట్ట మీదికి తొక్కుతూ కూడా ఈల వేసేవాడు. ఆ ఈల విని, "అల్లుడుగారు మిట్టెక్కుతున్నారు, పొయ్యి మీద నీళ్ళు పెట్టవే," అనేది అత్తగారు.

అలాంటి రోజుల్లో సంతకు సిగరెట్ల కంపెనీ వ్యాన్ వచ్చింది. నున్నటి ఎర్రరంగు, పైన మైకులు, దాని ముందు ఒకే రంగు బట్టల్లో గెంతే ఆడపిల్లలు. పాటలు, పందేలు. బాగా గెంతినవాడికి టోపీ. గెంతలేని వాడిక్కూడా ఉత్తపుణ్యానికి సిగరెట్టు, అదీ ఆ పిల్లలే నోట్లో పెట్టి ముట్టించేవాళ్ళు. లేవిసన్ గెంతడంలో మొనగాడు. టోపీ గెలుచుకున్నాడు. టోపీతోపాటు పొగనూ ఇంటికి తెచ్చుకున్నాడు.

టోపీ వర్షాలకు చివికిపోయింది. పొగ మాత్రం మిగిలింది. వ్యాన్ మళ్ళీ వచ్చినా, ఈసారి ఉచితం లేదు.

ఎనిఫా ఊరుకునే మనిషి కాదు. పెట్టెలు దాచేసేది, తడిపేసేది, పందులకు వేసేది. ఒకసారి పిండికుండలో దాచి మరిచిపోయి, ఆ పిండితోనే ఎన్సిమా ముద్ద వండింది. లేవిసన్ ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఇదేంటే, ముద్ద సిగరెట్టు వాసనొస్తోంది?"

"ముద్దది కాదు, నీ నోటిది. నేను రోజూ భరిస్తున్నా. ఇవాళ నువ్వూ రుచి చూడు."

నవ్వుకున్నారు. అప్పట్లో ఇంకా నవ్వుకునేవారు. కొన్నాళ్ళకు మిట్ట దగ్గర ఈల వినిపించడం ఆగిపోయింది. ఇంకొన్నాళ్ళకు మిట్ట మొదట్లోనే దిగి, ఎక్కినవాళ్ళని దింపి, సైకిల్ నెట్టుకుంటూ నడిచేవాడు. "ఇదేం సైకిలయ్యా, నడవడానికి నాకు నీ తోడెందుకు?" అని జనం వేరే సైకిళ్ళెక్కారు.

దగ్గు పట్టుకుంది. క్షయేమో అనుకుని ఊరి దవాఖానాలో మందులు మింగించారు. దగ్గు తగ్గలేదు, మనిషి తగ్గిపోయాడు. ఉమ్మిలో నెత్తురు పడ్డాక పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరమ్మ ఫొటో తీయించి చూసి, లేవిసన్‌ని పక్కకు పంపి ఎనిఫాతో చెప్పింది. ఊపిరితిత్తిలో రాచపుండు, అది కోసి తీసే దశ దాటిపోయింది అని.

"దేనివల్లమ్మా?" అంది ఎనిఫా, తెలిసే.

"సిగరెట్టు తాగుతాడా?"

"సిగరెట్టే ఈయన్ని తాగింది," అంది ఎనిఫా.

వార్డులో లేవిసన్ మంచం పక్కనే చాప వేసుకుని ఉండిపోయింది. బయట వంటపాకలో జావ కాచి తెచ్చి చెంచాతో పట్టేది. అతను జావ వద్దనేవాడు. సిగరెట్టు అడిగేవాడు. మొదట బతిమాలాడు, తర్వాత తిట్టాడు, ఆ తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఇవ్వలేదు.

జైలోసీ బావమరిదిని చూడడానికి వచ్చాడు. కోటు వేసుకుని, నారింజపళ్ళు పట్టుకుని వచ్చాడు. ఎనిఫా గిన్నె కడుక్కుని వచ్చేసరికి, దిండు కింద సిగరెట్టు పెట్టె తోస్తూ కనబడ్డాడు. గిన్నె కింద పడేసి, అన్న చెయ్యి పట్టుకుని ఆ పెట్టె లాగేసింది.

"ఇవ్వవే! చచ్చేవాడి ఆఖరి కోరిక కూడా తీర్చవా? రాయా నువ్వు?" అని జైలోసీ అరిచాడు.

"ఆయన ఆఖరి కోరిక ఊపిరి. అది కొనుక్కురా అన్నయ్యా, నీ కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకుంటా. నీ పంట ఎంత పండిందో చూసుకోవడానికి వచ్చావా? ఇదిగో, మంచమ్మీదుంది. తూకం వేసుకో."

వార్డంతా తలెత్తి చూసింది. జైలోసీ నారింజపళ్ళు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. లేవిసన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజూ, మర్నాడూ పెళ్ళాంతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక పొద్దున, ఆమె మొహం తుడుస్తుంటే మెల్లగా అన్నాడు:

"ఎనిఫా, అడిగింది నేను కాదే. లోపల అది కూర్చుని అడుగుతోంది. నాకు జావే కావాలి. దానికే వద్దు."

ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది. ఆ వారంలోనే అతను పోయాడు.

శవాన్ని కలంబాకు తెచ్చారు. ఆడవాళ్ళు లోపల శవం చుట్టూ కూర్చుని పాడుతున్నారు. మగవాళ్ళు వాకిట్లో ఉన్నారు. పొద్దెక్కాక కంపెనీ బండి వచ్చి ఆగింది. చికోపా అనే కంపెనీ మనిషి దిగాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఏ రైతు ఇంట చావైనా తప్పకుండా వచ్చేవాడు. బండిలోంచి పిండిబస్తా దించారు. ఆకు బొమ్మ అచ్చువేసిన, ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే చితెంజె బట్టలు దించారు. చివరగా జాగారం చేసే మగవాళ్ళ కోసమని ఒక పెట్టె నిండా సిగరెట్లు దించారు.

ఎనిఫా లోపలినుంచి లేచి వచ్చింది. ఎవరూ ఏమీ అనకముందే ఆ సిగరెట్ల పెట్టె ఎత్తి చంకలో పెట్టుకుంది. కృతజ్ఞతగా తీసుకుందనుకుని చికోపా తల వంచాడు. ఆమె ఇంటి వెనక మరుగుదొడ్డి గోతి దగ్గరికి నడిచింది. జనం వెనకే వెళ్ళారు. తడిక పక్కకు లాగి, ఒక్కొక్క పాకెట్టే గోతిలో పడేయడం మొదలుపెట్టింది. తొందర లేదు. విత్తనం వేస్తున్నట్టు వేసింది. కుర్రాళ్ళు కొందరు అయ్యో అన్నారు. ఒకడైతే ఆ గోతిలోకి తొంగి కూడా చూశాడు.

"దుఃఖంలో మతిపోయిందండీ," అని జైలోసీ చికోపా చేతులు పట్టుకున్నాడు.

"మతి ఇప్పుడే వచ్చింది," అంది ఎనిఫా, చేతులు దులుపుకుంటూ. "చంపినవాడు పిండిబస్తాతో పరామర్శకొస్తే, కుర్చీ వేసి కూర్చోబెట్టే ఊరు ఇదొక్కటే చూశాను. బస్తా కూడా తీసుకెళ్ళండి బాబూ. మేం ఇంకా తిండి పండించుకుంటున్నాం."

చెల్లెలు పరువు తీసిందని జైలోసీ మనసులో పెట్టుకున్నాడు. కర్మలు అయిపోయాక, వానలకు ముందు, కబురు పంపాడు. ఈ ఏడు ఎనిఫా పొలంలో పొగాకు వేస్తున్నాం, మేనమామగా ఆ ఇంటి పెత్తనం నాది, మొగుడు పోయి, కొడుకింకా ఎదగని మనిషికి ఇది మంచిదే అని. కబురుతోపాటే కూలీలు వచ్చి పొలం మూల నారుమడి పోశారు. ఎనిఫా నారు వేలెడు ఎత్తు ఎదిగేవరకు ఆగింది. ఒక పొద్దున కుండెడు మరిగే నీళ్ళు తీసుకెళ్ళి మడి మొత్తం తడిపేసింది.

పంచాయితీ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పైనున్న పెద్దనాయకుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన కొట్టం ముందు మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు నేల మీద కూర్చున్నారు. జైలోసీ తన మాట చెప్పుకున్నాడు. తర్వాత చికోపా లేచాడు.

"మీ ఊరి ఆకు ఎంత దూరం పోతుందో మీకు తెలుసా?" అన్నాడు. "ఓడలెక్కి చైనా పోతుంది. ఈజిప్టు, జర్మనీ పోతుంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు మీ కలంబా ఆకు తాగుతున్నారు. ఇంత పేరు తెచ్చే పంటను ఈమె వేడినీళ్ళు పోసి చంపింది."

ఎనిఫా అప్పటిదాకా నేలవైపు చూస్తూ ఉంది. ఆ మాటకు తలెత్తింది.

"అంత దూరం పోతుందా?"

"అవునమ్మా."

"అయితే అక్కడ కూడా నాలాంటిది ఒకతి చాప మీద కూర్చుని, మొగుడి నోటికి జావ పడుతూ ఉంటుంది. ఆమె పేరు నాకు తెలీదు, నా పేరు ఆమెకు తెలీదు. ఆకు మాత్రం నా పొలంలోది. వద్దు బాబూ. నాకు ఆ పేరొద్దు. పొగొచ్చి మన కొంప ముంచింది చాలు. మన చేత్తో కట్టలు కట్టి ఇంకొకరి కొంపకు పంపను."

బెంచీల మీద గుసగుసలు రేగాయి. అప్పుడు నేల మీదినుంచి, ఊరంతా గోగో, అంటే అవ్వా, అని పిలిచే నాసితెంబా చెయ్యెత్తింది. ఎనిఫా అమ్మమ్మకు చెల్లెలు. ఆ వంశంలో మిగిలిన పెద్ద దిక్కు. ముక్కుపొడి లేకుండా పొద్దు గడవని మనిషి. జైలోసీ మొహం విప్పారింది, ముసలమ్మ తన పక్షమేనని.

"నేను పొడి పీలుస్తాను," అంది గోగో. "పొడి ముక్కులో ఉండగానే చస్తాను, నన్నెవరూ మార్చలేరు. మా పెరట్లో నాలుగు మొక్కలు నా ముక్కుకు చాలు. కానీ ఒరేయ్ జైలోసీ, తిండిగింజ మొలిచే నేలంతా ముక్కుకిచ్చేస్తే మూతికేం పెడతావురా? నేల ఆడదానిది. నీ పెత్తనం పిల్లల పెళ్ళిళ్ళకి, తగువులకి. విత్తనానికి కాదు. నీ తల్లి బతికుంటే నీ వీపు విమానం మోత మోగించేది."

జనం ఘొల్లుమన్నారు. పెద్దనాయకుడు నవ్వు ఆపుకుని తీర్పు చెప్పాడు. పొలం ఎనిఫాది, ఏం వేయాలో ఆమె ఇష్టం. అయితే చావింటికి వచ్చిన అతిథిని అవమానించింది, నారు పాడుచేసింది కాబట్టి, కంపెనీ మనిషికి ఒక మేకను ఇచ్చుకోవాలి.

ఎనిఫా తీర్పుకు కట్టుబడింది. తన మందలో కుంటి మేకను ఏరి, దాని మెడకు తాడు కట్టి, తనే సంత దాకా నడిపించి చికోపాకు అప్పగించింది. "ఇదీ దగ్గుతుంది," అని చెప్పి మరీ వచ్చింది.

అన్నాచెల్లెళ్ళకు మాటలు పోయాయి. దారిలో ఎదురైతే జైలోసీ గొంతు సవరించుకుని పక్కకు తిరిగేవాడు. పొగాకు కూడా కలంబాలో తగ్గలేదు. వానలు పడగానే చుట్టూ అదే పచ్చదనం, ఎండలు రాగానే పందిళ్ళ కింద అదే వేలాడే ఆకు, అదే ఘాటు. ఎనిఫాను చూసి పంట మార్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళూ విధవలే.

ఆమెకు ఒక్కడే కొడుకు, ఫత్సానీ. ఎదిగొచ్చి సంతలో సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. వాడి చొక్కా ఉతుకుతుంటే ఒకరోజు ఆ వాసన తగిలింది. వెంటనే లేచి, తడి చొక్కా భుజాన వేసుకుని, సంతకు నడిచి, వాడి కొట్టు ముందు ఆ చొక్కా విప్పి పరిచింది.

"ఎప్పట్నించిరా?"

"ఎప్పుడో ఒకటమ్మా. అందరూ..."

"మీ నాన్నా ఎప్పుడో ఒకటే. ఎక్కడ కొంటున్నావు?"

వాడి చూపే చెప్పింది. ఎదురుగా మలీతా కొట్టు. పెట్టె కొనలేని వాళ్ళ కోసం సిగరెట్లు విడిగా ఒక డబ్బాలో నిలబెట్టి అమ్ముతుంది.

మరుసటి సంతరోజు నుంచి ఎనిఫా చాప ఆ కొట్టు గడప ముందే పడింది. చాప మీద వేయించిన వేరుశనక్కాయల గుట్టలు. ఎవడైనా సిగరెట్టు కోసం చెయ్యి చాపాడో, "నువ్వు ఎవరి అబ్బాయివి నాయనా? ఇలా కూర్చో, మా ఆయన ఉమ్మి ఏ రంగులో ఉండేదో చెప్తాను," అని మొదలుపెట్టేది. రంగు చెప్పేది, వాసన చెప్పేది, ఆఖర్న పక్కటెముకలు ఎలా లెక్కకొచ్చేవో చెప్పేది. వినలేక కుర్రాళ్ళు జారుకునేవారు.

"నా బేరం చెడగొడతావా అక్కా? ఇంకెక్కడా చోటు లేదా నీకు?" అని మలీతా గోల పెట్టింది.

"నువ్వు బేరం మానెయ్యి, నేను చోటు మారుస్తా."

విసిగిపోయి మలీతా డబ్బాను బల్ల కిందికి దించేసింది. అడిగినవాళ్ళకు లేవని చెప్పసాగింది. ఫత్సానీ మానేశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ మానేశాడు. ఇప్పుడు మానేసినట్టే ఉన్నాడు. ఎనిఫా ఏ రోజుకారోజు చొక్కా వాసన చూసేది. వాడికి పెళ్ళాం వచ్చాక ఆ పని కోడలికి అప్పగించింది.

మొన్న సంతలో ఒక కుర్రాడు ఆమె కంటపడకుండా వేరే కొట్టులో సిగరెట్టు కొనుక్కుని, పిండిమర వెనక్కి పోయి ముట్టించాడు. పొగ గోడ మీదుగా లేచింది. ఎనిఫా కాయలన్నీ మూటకట్టి, చాప చుట్టి చంకలో పెట్టుకుని లేచింది. పిండిమర వెనక, సరిగ్గా వాడి ముందు ఆ చాప పరిచి కూర్చుంది.

"నువ్వు ఎవరి అబ్బాయివి నాయనా?" అంది.