ముప్పై నాలుగో రోజు భిక్ష

మార్కాపురం బస్టాండులో దిగేసరికి పన్నెండుంబావు. ఒంటిగంట లోపల ఇంట్లో వంట కావాలి. పుల్లలచెరువు మండలంలో మూడు రోజులు అంగన్‌వాడీ కేంద్రాలు తిరిగి, పిల్లల బరువులు తూచి, కందిపప్పులో పురుగులు ఏరించి వచ్చాను. వేరే రోజైతే దారిలోనే రెండు పార్సిళ్ళు కట్టించుకుని, ఇంటికి పోయి కాళ్ళు చాపుకుని పడుకునేదాన్ని. కానీ ఆ రోజు మా ఆయన శివమాల వేసుకుని ముప్పై నాలుగో రోజు. హోటలు అన్నం ఆయనకు పనికిరాదు.

స్నానం చేసిన మనిషి వండిన అన్నం కావాలి. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. అది కూడా పగటిపూట ఒక్కసారే, ఒంటిగంట దాటకుండా తినాలి. దాన్ని భిక్ష అంటారు. మెడలో మాల ఉన్నన్నాళ్ళూ ఆయన నాకు స్వామి, నేను ఆయనకు మాతను. పన్నెండేళ్ళు నువ్వు నువ్వు అని కొట్లాడుకున్న మనిషిని పొద్దున లేచింది మొదలు మీరు అనాలి. అన్నాను. అనక ఏం చేస్తాను?

నేను ఊళ్ళో లేని రెండు రోజులూ మా పాపను వెంటబెట్టుకుని గురుస్వామి ఇంట్లో తిన్నాడు. మూడో రోజు పొద్దున గురుస్వామి కోడలు ప్రసవించింది. ఇంట్లో పురుడు, స్వాములకు భిక్ష పెట్టకూడదు. బస్సు యర్రగొండపాలెం దాటిందో లేదో ఫోన్ మోగింది.

"మాతా, ఈ పొద్దు భిక్ష ఇంట్లోనే. వస్తాండావు గదా?"

"వస్తాండా స్వామీ," అన్నాను పళ్ళు కొరుక్కుంటూ.

ఎందుకంత భయపడ్డానో చెప్పాలి. ముందటేడు కూడా ఆయన మాల వేసుకున్నాడు. పంతొమ్మిదో రోజు ఆయన పనిచేసే పలకల ఫ్యాక్టరీలో ఎవరో పుట్టినరోజని కేకు పంచారు. ఈయన తిన్నాడు. తిన్నాక ఇంకొకరు అందులో గుడ్డు ఉంటుందన్నారు. "దీక్ష పోయె," అని మాల తీసి దేవుడి పటానికి తగిలించాడు. ఆ సాయంత్రమే తాగి వచ్చాడు. ఆ తర్వాత ఏడాదంతా ఎట్లా గడిచిందో రాయడానికి నాకు మనసు రాదు.

నిజం చెప్పాలంటే నాకు దీక్ష మీద పెద్ద భక్తి లేదు. నాకు కావలసింది ఆ నలభై ఒక్క రోజులు. పెళ్ళయ్యాక ఈయన వరసగా ముప్పై నాలుగు రోజులు తాగకుండా ఉండటం అదే మొదలు. సాయంత్రం గేటు చప్పుడు కాగానే పక్కగదిలోకి పోయే మా పాప, నెల రోజులుగా వాళ్ళ నాయన పక్కనే చాప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఆ చాప ఖాళీ కాకూడదు. అందుకోసం ఎవరినైనా మీరు అంటాను.

ఇంటికి చేరేసరికి ఆయన గంధం రంగు బట్టల్లో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. గడియారం వైపు చూసి నా వైపు చూశాడు. నేను సంచి గడపలోనే పడేసి రెండు చెంబుల చన్నీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నాను. బస్సులో తిన్న దుమ్ముకు అప్పటికే ముక్కు దిబ్బడేసింది. తుమ్ముతూనే వంటింట్లోకి పోయాను.

ఊరికి పోయే ముందు ఫ్రిజ్ ఖాళీ చేసి స్విచ్చి తీసింది నేనే. టమాటా లేదు, పెరుగు లేదు. అల్లం ముక్క ఎండి పుల్లయింది. బియ్యం ఉన్నాయి, చింతపండు ఉంది, డబ్బా అడుగున పిడికెడు కందిపప్పు ఉంది. ఇంక కూరేం చేయాలి? గడపలో పడేసిన సంచి అప్పుడు గుర్తొచ్చింది. అడవి పక్క ఊళ్ళో ఒక ఆయమ్మ వద్దన్నా వినకుండా అందులో గింజ పట్టిన అనపకాయలు కుక్కింది. "మందు కొట్టనివి మేడమ్మా, ఇంటికి పోయి వండుకో," అంది. ఆ తల్లి కడుపు చల్లగుండ అనుకున్నాను.

కాయలు చాటలో పోసి ఆయన ముందు పెట్టాను. "కొంచెం వొలవండి స్వామీ, ఆలస్యమైతాంది."

అన్నం ఉడికిందో లేదో తెలియని మనిషికి కాయలు ఒలవడం మాత్రం వచ్చు. చకచకా ఒలిచాడు. నేను పక్కన కూర్చుని రెండో సగం ఒలుస్తూ ఆయన వేళ్ళ వైపే చూశాను. వణుకు లేదు. పొద్దునపూట టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకునే మనిషి. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైం లేక లేచిపోయాను.

ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద కుక్కర్లో పప్పూ గింజలూ. విజిళ్ళు వచ్చేలోపు చింతపండు పిసికాను. మూత తీసి పులుసు పోశాను, ఉప్పేశాను, రెండు చెంచాల కారమేశాను, ఆవాలూ ఇంగువా తాలింపు పెట్టాను. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా విస్తరి వేశాను. ఆయన కళ్ళు మూసుకుని మంత్రం చెప్పుకున్నాడు. వడ్డించి, ఊపిరి పీల్చుకుని, వంటింట్లో డబ్బాల మూతలు పెడదామని వచ్చాను.

కారం డబ్బా మూత మీద కుంకుమ బొట్టు లేదు.

మా ఇంట్లో కారమంటే వెల్లుల్లి వేసి దంచిందే. మాల వేసుకున్న రోజే స్వామి కోసం విడిగా వట్టి మిరపకాయలు దంచి, అట్లాంటి డబ్బాలోనే పోసి, గుర్తుకు బొట్టు పెట్టాను. ఆ బొట్టు డబ్బా అరలో వెనకాల అట్లాగే ఉంది. కంగారులో నా చెయ్యి ఏళ్ళ తరబడి తీసే డబ్బానే తీసింది. ముక్కు పని చేస్తే మూత తీయగానే తెలిసేది. వేళ్ళతో కెలికి చూశాను. కారంలో తెల్లటి పొట్టు.



"మాతా, ఇంకొంచెం పప్పు," అని ముందుగదిలోంచి ఆయన గొంతు.

గిన్నె పట్టుకుని గడప దగ్గర ఆగిపోయాను. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఏడు రోజులాగితే శ్రీశైలం పోతాడు, మొక్కు తీరుతుంది. దేవుడికి తెలుస్తుందంటే, ఆ దేవుడు నా పన్నెండేళ్ళూ చూశాడు కదా, ఈ రెండు చెంచాలు చూడకపోతే ఏం పోయింది అనిపించింది. చెప్తే ముందటేటి కథే. ఇదంతా ఒక పక్క. ఇంకో పక్క, నోట్లో సోంపు వేసుకుని వచ్చి "నేను తాగలే, ఒట్టు" అని నా తలమీద చెయ్యి పెట్టిన మనిషి మీద నాకున్న అసహ్యం. అబద్ధంతో కాపురం చేయడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నేను కూడా మొదలుపెడితే ఆ ఇంట్లో ఇంకేం మిగులుతుంది?

"స్వామీ, ఆపండి," అన్నాను. "కారంలో వెల్లుల్లి ఉంది. తప్పు నాదే. చూసుకోలేదు."

ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగింది. విస్తరి మడిచి, లేచి, చెయ్యి కడుక్కుని, చెప్పుల్లేని కాళ్ళతోనే గేటు తీసుకుని బయటికి పోయాడు. మా వీధి చివర కుడికి తిరిగితే గురుస్వామి ఇల్లు. ఎడమకు తిరిగితే మందు దుకాణం. ఆయన ఎడమకు తిరిగాడు.

వెంటపడి పరిగెత్తలేదు. ఇదివరకు ఎన్నోసార్లు పరిగెత్తి చూశాను. గేటు పట్టుకుని నిలబడి ఆయన్ని తిట్టాను, నన్ను తిట్టుకున్నాను, కాయలిచ్చిన పాపానికి ఆ ఆయమ్మను కూడా తిట్టాను. పాప నాలుగున్నరకు బడి నుంచి వస్తుంది. వచ్చి చాప వైపు చూస్తుంది. దానికేం చెప్పాలి? గడప మీద కూలబడ్డాను. ఎండ నా పాదాల మీదికి వచ్చింది. జరగాలని కూడా తోచలేదు.

దాదాపు ముప్పావుగంటకు గేటు చప్పుడైంది. చెవులు రిక్కించాను. కాళ్ళు ఈడుస్తున్న చప్పుడు కాదు. చేతిలో పెరుగు ప్యాకెట్టుతో ఆయన నా ముందు నిలబడ్డాడు. వాసన చూద్దామంటే ముక్కు లేదు. కళ్ళలోకి చూశాను. తాగలేదు.

"ఆడిదాకా పోయినా," అన్నాడు. "దుకాణం ముందర నిలబడినా. గురుస్వామికి ఫోన్ చేసినా. తెలియక తిన్యావు, తలస్నానం చేసి జపం చేసుకో, మాల తియ్యాకు అన్యాడు."

"మరింకేం?"

"తెలియక తినలే." గొంతు తగ్గించాడు. "మొదటి ముద్దకే తెలిసింది నాకు. తెలిసే ఇంకొంచెం అడిగినా. దీక్ష పోయె, తప్పు నీది, నాది గాదు, సాయంత్రం తాగొచ్చు అనుకున్యా. సంతోషమైంది గూడా. నువ్వు తప్పు నాదే అని చెప్పేసరికి ఆ సాకు నాకు లేకుండా పాయె."

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. భయమేసింది. ముప్పై నాలుగు రోజులుగా నా గరిటె పట్టుకుని ఆ ఇంటిని నిలబెడుతున్నాననుకున్నాను. నేను కాపలా కాస్తున్న చోటికి దొంగ బయటినుంచి రానే లేదు, లోపలే కూర్చుని పప్పు అడిగాడు.

ఆయన స్నానం చేసి జపం చేసుకుని వచ్చేసరికి రెండున్నరైంది. పెరుగన్నం కలిపి పెట్టాను. ఒంటిగంట సంగతి ఇద్దరం ఎత్తలేదు. సగం తిన్నాక తలెత్తాడు.

"ఇంగ ఏడు రోజులుండాయి. ఈ ఏడు రోజులు నువ్వు క్యాంపులు పోవాకు. నువ్వుంటే నిలబడతా."

పాపను తలుచుకుంటే సరే అనాలనిపించింది. కానీ నోట్లోంచి అది రాలేదు.

"ఎల్లుండి రాచర్ల పోవాల. పోతా," అన్నాను. "నేను వండితేనే నిలబడే దీక్ష నాకొద్దు. నీ భిక్ష నువ్వు వండుకో."

స్వామీ అనలేదు, మీరు అనలేదు. అన్నాక గానీ నాకే తెలియలేదు. ఆయన మిగిలిన అన్నం తిని విస్తరి మడిచాడు. మళ్ళీ గేటు తీస్తాడేమోనని చూశాను.

"గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్ళు పొయ్యాల?" అని అడిగాడు.

రెండు వేళ్ళు చూపించాను.