కిరిబాస్ నుంచి వచ్చిన ఆమె

నా కూతురు ఐదో తరగతిలో ఉండగా బడిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పసిఫిక్ సముద్రంలో ఏదైనా చిన్న దేశాన్ని ఎంచుకుని, దాని గురించీ అక్కడి మనుషుల గురించీ ఒక పెద్ద అట్ట మీద రాసి తేవాలి. అది కిరిబాస్‌ని ఎంచుకుంది. నాతో పనిచేసే ఆమెది ఆ దేశమే.

నేను మెల్‌బోర్న్ పడమటి వైపు ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో నర్సుని. ఆమె అక్కడ కేరర్. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం, పక్క మార్చడం ఆమె పని. నలభై దాటి ఉంటాయి. వచ్చిన కొత్తల్లో అందరూ ఆమె దేశం పేరుని ఇంగ్లీషులో రాసినట్టే చదివి 'కిరిబటి' అనేవాళ్ళు. ఆమె ఓపిగ్గా 'కిరిబాస్' అని దిద్దేది. మూడేళ్ళయినా మా మేనేజర్‌కి అది నోరు తిరగలేదు. తిప్పాలని ఆవిడ అనుకోనూ లేదు.

ట్రుగనీనాలో మా ఇంట్లో, డైనింగ్ టేబుల్ మీద, ఒక శనివారం అట్ట పూర్తయింది. చదివాను. చిన్న దేశం, పగడపు దీవులు, కొబ్బరి, చేపలు, పేద ప్రజలు. అడుగున నీలం అలలూ, వాటిలో మెడ దాకా మునిగిన కొబ్బరి చెట్టూ గీసి, దాని మీద మెరుపు జిగురుతో 'బై బై కిరిబాస్' అని రాసింది.

"ఇదేంటే?" అన్నాను.

"ఇట్స్ సింకింగ్ మమ్మీ. ఎవ్రీబడీ నోస్ దట్."

మా ఆయన తొంగిచూసి నవ్వాడు. "బానే గీసింది కదా, ఎందుకలా చూత్తావ్?"

నాకు ఒళ్ళు మండింది. మాది ఉప్పాడ. మా వీధిని సముద్రం కోసుకుపోతుంటే చూస్తూ పెరిగినదాన్ని. ప్రతి తుఫానుకీ కెమెరాలు వచ్చేవి. విరిగిన గోడ పక్కన మా పిన్నిని నిలబెట్టి, కాస్త ఏడవమ్మా అని అడిగిన మనిషిని నేను మర్చిపోలేదు. ఆ పూట మా పిన్ని పులుసు పెట్టింది, పిల్లలకి జడలు వేసింది, పక్కింటావిడతో కుళాయి దగ్గర గొడవపడింది. అవేవీ కెమెరాకి అక్కర్లేదు.

మర్నాడు చర్చి అయ్యాక ఆ కిరిబాస్ ఆమెని భోజనానికి పిలిచాను. సోఫా వదిలేసి కింద కూర్చుని, అట్టని ఒళ్ళో పెట్టుకుని అక్షరం వదలకుండా చదివింది. అంతా అయ్యాక మా పిల్లని అడిగింది.

"బై చెప్పావు. ఎవరికి చెప్పావు? మా అమ్మకా?"

మా పిల్ల నా వెనక్కి వచ్చేసింది.

ఆమె కోప్పడలేదు. ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. వాళ్ళ దీవి రిబ్బనులా సన్నగా ఉంటుందట. రోడ్డు మీద నిలబడితే ఒక పక్క లోపలి సముద్రం, ఇంకో పక్క బయటి సముద్రం కనిపిస్తాయట. వాళ్ళ నాన్న పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొబ్బరి చెట్టెక్కి కల్లు గీస్తాడట. గీస్తున్నంతసేపూ గొంతెత్తి పాడతాడట. కింద నడిచేవాళ్ళకి పైన మనిషున్నాడని తెలియాలి కదా అంది. మంచినీళ్ళు తగిలేదాకా గొయ్యి తవ్వి, అందులో చేమలాంటి పెద్ద దుంప వేస్తారట. వాళ్ళమ్మ గోతిలోకి ఉప్పునీరు చేరి మొక్కలు పసుపెక్కాయట. అమ్మ ఇంకో చోట తవ్విందట. ఊరికంతటికీ గోడల్లేని పెద్ద పాక ఒకటి ఉంటుందట. అందులో ఒక్కో కుటుంబానికి ఒక్కో చోటు.

"ఇరవై ఏళ్ళ తర్వాత వెళ్ళినా నా చోటు నాకే ఉంటుంది. ఎవరూ కూర్చోరు," అంది.

ఆ రాత్రి పడుకునేలోపు మా పిల్ల అట్ట మళ్ళీ రాసింది. పాక గీసింది, చెట్టు మీద నోరు తెరిచి పాడే మనిషిని గీసింది. వారం తర్వాత అట్ట తిరిగొచ్చింది. 'రంగులు బాగున్నాయి. మునిగిపోవడం గురించి రాయడం మర్చిపోయావు' అని టీచర్ రాసింది. నేను ఆ ముక్క చించి చెత్తబుట్టలో వేశాను.

రెండు నెలలు గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం టీ వేళ ఆమెకి ఫోన్ వచ్చింది. వాళ్ళ నాన్న పోయాడు. ఆదివారం పాతిపెడతారు. వాళ్ళలో సమాధి ఇంటి పక్కనే ఉంటుంది. అక్కడికి విమానాలు వారానికి కొన్నే, అదీ ఫిజీ మీదుగా. ఆ రాత్రి బయల్దేరితేనే అందుతుంది.

మేనేజర్ తల ఒక పక్కకి వంచి "ఐ యామ్ సో సారీ, డార్లింగ్" అంది. అదే ఊపిరిలో, మిగతా రోజులు సర్దుకున్నా శనాదివారాల షిఫ్టులకి మనిషి దొరికితేనే వెళ్ళొచ్చంది. దొరకబుచ్చుకోవాల్సింది ఎవరు? తండ్రి పోయిన మనిషే. కారిడార్‌లో ఫోన్ పట్టుకుని ఒక్కొక్కళ్ళనీ అడిగింది. చివరికి నా దగ్గరికి వచ్చింది.

"ఆదివారం ఒక్కటి నువ్వు చేస్తావా? శనివారానికి ఎవరో ఒకరు దొరుకుతారు."

ఆ ఆదివారం మాకు తెలిసినవాళ్ళ కొత్తింటి ప్రార్థన. పులిహోర నేను చేస్తానని మాటిచ్చాను. అదే చెప్పాను. "చాలామంది వస్తున్నారు, ఇప్పుడు కాదంటే బాగోదు," అన్నాను. ఆమె సరేనని తలూపి, ఎనిమిదో గదిలో బెల్ మోగితే అటు వెళ్ళింది.

ఆదివారం నేను పులిహోర వడ్డించాను. అందరూ బాగుందన్నారు.

బుధవారం మా హోమ్‌లో ఐలాండ్ డే. నెల ముందే అనుకున్న కార్యక్రమం. డైనింగ్ హాలంతా కాగితపు పూలదండలు, ప్లాస్టిక్ కొబ్బరి చెట్లు. మేనేజర్ పచ్చ కాగితం కత్తిరించి చేసిన గడ్డి పావడా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"నువ్వే మా స్టార్‌వి. ఒక్క డాన్స్ చెయ్యి. నీ మనసు కూడా తేలికవుతుంది."

ఆమె ఆ పావడాని యూనిఫామ్ మీదే కట్టుకుంది. నేను మందుల బండి దగ్గర నిలబడి చూస్తున్నాను.

అప్పుడు తొంభై ఏళ్ళ పెద్దాయన ఒకాయన, ఒకప్పటి గోధుమ రైతు, వీల్‌చెయిర్‌లోంచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మనిషి మంచివాడే.

"మీ దేశం నాకు తెలుసమ్మా. ఓషన్ ఐలాండ్. అక్కడి ఫాస్ఫేట్ ఎన్ని లారీలు చల్లామో మా పొలాల్లో! అది లేకపోతే ఇక్కడ గింజ పండేది కాదు."

"ఆ దీవిని మేం బనాబా అంటాం. మా అమ్మమ్మది అదే," అంది ఆమె. "ఆ ఫాస్ఫేట్ తవ్వుకోవడానికి మనుషుల్ని ఓడెక్కించి, ఫిజీలో వేరే దీవికి పంపించేశారు."

"ఈజ్ దట్ సో," అన్నాడాయన, చెయ్యి వదలకుండానే.

ఆ ఉదయం ఆయనకి స్నానం చేయించింది ఆమే. పాదాలకి క్రీమ్ రాసింది ఆమే. మేనేజర్ పాట పెట్టింది. ఏ దీవి పాటో ఎవరికీ తెలీదు, పట్టింపూ లేదు. "కమాన్, క్లాప్ ఎవ్రీబడీ!" అంది.

నేను వెళ్ళి ఆ పాట ఆపేశాను.

"ఆదివారం ఆమె తండ్రిని పాతిపెట్టారు. మీరు వెళ్ళనివ్వలేదు. ఇప్పుడు డాన్స్ కావాలా మీకు? ఆ దేశం పేరు ఒక్కసారైనా సరిగ్గా పలకండి చూద్దాం!" హాలంతా దద్దరిల్లేలా అరిచాను. గోడ మీది దండల్ని పీకేశాను. మూల కూర్చున్న ముసలావిడ భయపడి ఏడ్చింది. మేనేజర్ మొహం తెల్లబోయింది. "మై ఆఫీస్. నౌ," అంది.

ఆఫీసులో ఏం జరిగిందో రాయక్కర్లేదు. వార్నింగ్ లెటర్ పట్టుకుని బయటికొచ్చేసరికి, లాండ్రీ గదిలో ఆమె దుప్పట్లు మడతపెడుతోంది. ఆ పావడా చుట్టి బల్ల మీద పెట్టి ఉంది. నేను ఆమె కోసం నిలబడ్డానన్న గర్వంతోనే ఆ గదిలోకి వెళ్ళాను. దాచి లాభం లేదు.

"ఎవరు అరవమన్నారు నిన్ను?" అంది.

నేను వార్నింగ్ లెటర్ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నా వీసా ఈ హోమ్ చేతిలో ఉంది. నువ్వు రేపు ఇంకో చోట చేరతావు. నేను చేరలేను. నీకు కోపం వచ్చింది, అరిచావు, తీరింది. నేను సాయంత్రం మేనేజర్ దగ్గరికే వెళ్ళి సారీ చెప్పాలి."

"నేను నీ గురించే..."

"నాకు నీ కోపం వద్దు. నాకు ఆదివారం కావాల్సింది. నువ్వెక్కడున్నావు ఆదివారం?"

దుప్పటి రెండో అంచు పట్టుకోబోయాను. తనవైపు లాక్కుని ఒక్కతే మడతపెట్టుకుంది.

ఆ నెల న్యూస్‌లెటర్‌లో ఐలాండ్ డే దివ్యంగా జరిగిందని రాశారు. నేను పీకకముందు తీసిన దండల ఫోటో వేశారు. పైవాళ్ళకి కంప్లయింట్ రాశాను. తన పేరు మాత్రం పెట్టొద్దని ఆమె చెప్పడంతో ఆమె పేరు లేకుండా రాశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలని రెండు వాక్యాల జవాబు వచ్చింది. మేనేజర్ ఇంకో పెద్ద హోమ్‌కి ప్రమోషన్ మీద వెళ్ళిపోయింది.

క్రిస్మస్‌కి ఆమె ఊరెళ్ళింది. తిరిగొచ్చాక అందరికీ సమాధి ఫోటో చూపించింది. ఇంటి పక్కనే, చుట్టూ తెల్ల గులకరాళ్ళు పేర్చి ఉంది. నాకు చూపించలేదు. బల్ల మీద ఫోన్ పెట్టినప్పుడు నేను చూశాను, అంతే.

మరో ఏడాదికి ఆమె కాంట్రాక్టు అయిపోయింది. క్వీన్స్‌లాండ్‌లో ఏదో ఊళ్ళో పని దొరికిందన్నారు. చివరి రోజు తను చూసే గదుల సంగతులన్నీ నాకే అప్పజెప్పింది. ఎవరికి అన్నం మెత్తగా కలపాలో, ఎవరికి ఎడమ భుజం ముట్టుకుంటే నొప్పో, రైతు పెద్దాయన మాత్రలు పెరుగుతో అయితేనే మింగుతాడనీ, ఒక్కటీ మర్చిపోకుండా చెప్పింది. నేను రాసుకున్నాను. రాసుకోవడం అయ్యాక, పెన్ను మూత పెడుతూ అడిగాను.

"ఆ ఆదివారం నేను రావాల్సింది. నన్ను క్షమిస్తావా?"

ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"నా బస్సు టైమైంది," అంది.